కాకి ముట్టని పిండం

ముత్తుకూరు,
20 ఆగస్టు 2024

గుండు బావకు,

నమస్కారం పెట్టాలో, ఆ నున్నటి తల నిమరాలో తెలియక రెండూ కలిపి పంపిస్తున్నాను.

ఫోన్ సరస్సులోకి విసిరేశావని నీ చెల్లెలు ధనలక్ష్మి చెప్పింది. "ఇంక మీ ఆయన ఏం చెప్పాలన్నా కాయితం మీద సొంత చేత్తో రాసి, కింద సంతకం పెట్టి పంపించమను. రేపు పంచాయితీలో చూపించేదానికి నా చేతిలో ఆధారం ఉండాల" అన్నావట. సరే. పదో తరగతి తప్పిన తరవాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. పంచర్ల అంగడిలో లారీ టైరు మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద మరక కనిపిస్తే కన్నీళ్ళనుకుని కరిగిపోకు. అది గ్రీజు.

జరిగింది ఒప్పుకుంటాను. మధుమాలిని గారి పాత ఫొటో ఒకటి పట్టుకుని, ఫోన్‌లోనే దానికి దండ వేసి, పక్కన దీపం పెట్టి, "అలనాటి గాన తార ఇక లేరు" అని నీకు పంపింది నేనే. ఎందుకంటే ఆరోజు ఆదివారం. లారీలు రాలేదు. ఊసుపోలేదు. నువ్వొక గంట ఏడుస్తావు, అప్పుడు "ఉత్తదే బావా" అని చెప్పి నవ్వుకుందామనుకున్నాను. నా పథకం అంతవరకే.

నువ్వు గంటతో ఆగే మనిషివా! పొద్దుగూకే లోపల మీ కొత్తకుప్పంలో పడవలన్నీ ఒడ్డుకు లాగించావు. ఊళ్ళో మనిషి పోయినట్టే ఆ రోజు ఎవరూ వల వేయకూడదన్నావు. మంగలి కామాక్షయ్య చేత నువ్వు గుండు గీయించుకున్నది చాలక, మీ అభిమాన సంఘం పదహారు మందికీ గీయించావు. "టీవీలో ఏం చెప్పలేదే అన్నా" అని కామాక్షయ్య అడిగితే, "పాతోళ్ళు పోతే టీవీవోళ్ళకేం పట్టింది, నువ్వు కత్తి పదును బెట్టు" అని కసిరావట. మాలినమ్మ సంగతి నీకంటే ఎవరికి తెలుసని ఊరంతా నిన్నే నమ్మింది. అంత దూరం వెళ్ళిన సరదాను మధ్యలో తుంచడానికి నాకు చేతులు రాలేదు బావా. నిజం చెబుతున్నాను.

పదకొండో రోజు నేనూ వచ్చాను. మూడు వందల మంది మధ్య కూర్చుని పాయసం రెండుసార్లు వేయించుకున్నాను. వండినవాళ్ళకు నా మెచ్చుకోలు చెప్పు. అసలు సంగతి ఒడ్డున జరిగింది. పిండం పెట్టావు. కాకి రాలేదు. చేతులు జోడించి నువ్వు మోకాళ్ళ మీద కూర్చున్నావు. "అమ్మా, నీ కోరిక ఏందమ్మా? చెప్పమ్మా, నా పాణం బెట్టైనా తీరుస్తా" అంటూ రెండు గంటలు. ఎండకు నీ గుండు రాగి చెంబులాగా మెరుస్తోంది. కాకులు కొబ్బరిచెట్టు మీద కూర్చుని నిన్నే చూస్తున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

నేను మాత్రం ఎంతసేపని ఓర్చుకునేది? "బావా, కాకి ముట్టలేదంటే ఒకవేళ మనిషి బతికుందేమో!" అన్నాను. ఆ రోజు పొద్దున్నే మద్రాసులో ఎవరో ఆమెకు శాలువా కప్పుతున్న వీడియో అందరికీ చూపించాను. మీ ఊరి ముసలమ్మవ్వ నవ్వీ నవ్వీ ఇసకలో కూలబడింది. నీ మొహం మాత్రం... అది చూడటానికి రెండు కళ్ళు చాల్లేదు. ఎవరో అదంతా ఫోన్‌లో పట్టి లోకం మీదికి వదిలారు. లక్ష మంది చూశారట. ఇన్నాళ్ళూ మాలినమ్మకు అభిమానివి. ఇప్పుడు నీకే అభిమానులు.

క్షమాపణ అడగమని నీ చెల్లెలు నా వెనకాలే నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు కాబట్టి, కాగితం నిండిందా లేదా అనే చూస్తుంది. నిండింది. తృప్తిగా లోపలికి వెళ్ళింది. నువ్వు రాసే జవాబు కూడా నేనే చదివి వినిపించాలి. బాగాలేనిచోట నాలుగు మాటలు మార్చి చదువుతాను, దిగులు పడకు.

సంతకం అడిగావు కదా, ఇదిగో,
పెంచలయ్య


కొత్తకుప్పం, చిట్టమూరు మండలం,
2 సెప్టెంబరు 2024

పెంచలయ్యకు,

బావ అని రాయబోతే చెయ్యి ఒప్పుకోలేదు.

ఒడ్డున చేపల వేలంలో నిలబడలేకపోతున్నాను. కొనేవాళ్ళు చేపను చేత్తో తిప్పి, "ఏం చిన్నపోలయ్యా, ఇది నిజంగా చచ్చిందేనా? నీ మాట నమ్మొచ్చా?" అంటారు. అందరూ నవ్వుతారు. గుండు గీయించుకున్న పదహారు మందీ సంఘం మానేశారు. కామాక్షయ్యా నేనూ మిగిలాము. అతనూ ఎందుకున్నాడంటే, కత్తి పట్టింది తనే కాబట్టి.

నీకు ఒక సంగతి చెబుతాను. నువ్వు నవ్విందేమిటో తెలుసుకుని నవ్వు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయన సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. శవం లేదు కాబట్టి అమ్మ ఏడవలేదు. నాలుగు రోజులు ఏడవలేదు, తినలేదు. మీ అమ్మే, మా మేనత్తే, మమ్మల్ని బలవంతంగా డేరా సినిమాకు తీసుకెళ్ళింది. నువ్వు చంకలో ఉన్నావు. మాలినమ్మ నటించి పాడిన ఇరవైరెండు పాటల పాత సినిమా. అందులో పడవ పాట వచ్చింది. మూడో చరణం చివర ఒకచోట ఆమె ఊపిరి తెగుతుంది. పాట ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంటుంది. అక్కడ అమ్మ బావురుమంది. డేరా అంతా వెనక్కి తిరిగి చూసింది. ఇంటికొచ్చి అన్నం తిన్నది.

నాకు మా అమ్మను మిగిల్చింది ఆ పాట. పదిహేనో ఏట రాయడం వంటబట్టినప్పటి నుంచి, ఏటా ఆ సినిమా చూసిన తేదీకి మాలినమ్మకు ఒక ఉత్తరం రాస్తున్నాను. మొత్తం నలభై ఒకటి. వల లాగేటప్పుడు ఆమె పాటే పాడతానని, చేతులు నొప్పి తెలియవని రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. జవాబు కోసం రాసినవి కాదు. ఈ లెక్క నా భార్యకు కూడా తెలియదు. ఇప్పుడు నీకే చెప్పాను.

ఆ ఊపిరి తెగేచోట ఉన్నది ఏడుపని అమ్మ అనేది. నాకు నవ్వులా వినపడుతుంది. అమ్మ పోయేదాకా ఇద్దరమూ తేల్చుకోలేకపోయాం. జన్మలో ఒక్కసారి మాలినమ్మ ఎదురుగా కూర్చుని అది అడగాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? బతికుండగానే పిండం పెట్టినవాణ్ణి గుమ్మం తొక్కనిస్తారా?

ఆ గుమ్మం నువ్వు మూసేశావు.

చిన్నపోలయ్య


ముత్తుకూరు,
10 సెప్టెంబరు 2024

ఉత్తరాల బావకు,

నలభై ఒక్క ఉత్తరాలా! నా పెళ్ళప్పుడు నీ చెల్లెలికి ఒక్కటి రాయమంటే "ఏం రాయాలో తోచలేదు" అన్నది నువ్వే కదా?

నీ కథ చదివి నాకూ ఏడుపొచ్చింది. అబద్ధం కాదు. కానీ నాకు ఏడుపొస్తే వెంటనే నవ్వొస్తుంది, ఏం చేయను. ఆమె ఇంట్లో అవి పొయ్యి రాజేయడానికి పనికొచ్చి ఉంటాయి. నలభై ఒక్క పూటలు ఆమె తాగిన కాఫీలో నీ చెయ్యి ఉంది. సంతోషపడు.

ఇంత దిగులెందుకు, జవాబు నేను రాయించి పంపిస్తాను. మద్రాసు లారీలు నా అంగడి ముందు ఆగనిరోజు లేదు. అక్కడి పోస్టు డబ్బాలో వేయమంటే వేస్తారు. కాగితం ఏ రంగుది కావాలి? గులాబీదా? సెంటు పూయించమంటావా? "ప్రియమైన చిన్నపోలయ్యా, నీ పిండం రుచిగా ఉన్నది" అని మొదలుపెట్టిస్తాను.

ఎన్ని తిట్టినా నీ చెల్లెలి మొగుణ్ణే,
పెంచలయ్య


కొత్తకుప్పం,
7 అక్టోబరు 2024

పెంచలయ్యకు,

నువ్వు రాయిస్తానన్న ఉత్తరం వచ్చింది. దీంతోపాటే వెనక్కి పంపుతున్నాను. నీ సరుకు నీ దగ్గరే ఉంచుకో.

రాసినవాళ్ళ చేతిరాత బాగుంది. మీ అంగడి పక్కన మీసేవలో కూర్చునే ఆ అమ్మాయిదేనా? "అయ్యా చిన్నపోలయ్యగారూ, నేను మధుమాలిని గారి అమ్మాయి సుభాషిణిని. మీరు పిండం ముందు కూర్చుని అమ్మను కోరిక అడుగుతున్న వీడియో ఎవరో పంపితే అమ్మకు చూపించాను. మొదట చాలా నవ్వింది. తరవాత ఇంకోసారి వేయమంది. అమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు. 'నాకు నిజంగానే ఒక కోరిక ఉంది, అతన్ని రమ్మను, అతనికే చెబుతాను' అంటోంది. మీ ఉత్తరాలు నలభై ఒకటీ మా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఈ నెల ఇరవై, ఆదివారం పొద్దున పదింటికి రాగలరా?" ఎంత ముద్దుగా రాయించావు! ఇంటి నంబరూ వీధి పేరూ కూడా వేయించావు.

నలభై ఒకటి అన్న మాట రాయించకుండా ఉంటే మోసపోయేవాణ్ణేమో. ఆ లెక్క నీకు తప్ప ఎవరికీ చెప్పలేదని మరిచిపోయావా? చదువుతూ మొదట్లో నా భార్యను కేకేశాను. ఆ అంకె కనపడగానే ఏమీ లేదు పొమ్మన్నాను. నేను సంచి సర్దుకుని మద్రాసు వెళ్ళి, ఎవరిదో గుమ్మం ముందు నిలబడి తన్నులు తింటే, అది కూడా వీడియో తీసేవాడివి కదా!

చాలు పెంచలయ్యా. నాకు నలభై ఏళ్ళప్పుడైతే తట్టుకునేవాణ్ణి. ఇప్పుడు యాభై ఆరు.

చిన్నపోలయ్య


ముత్తుకూరు,
12 అక్టోబరు 2024

తెలివైన బావకు,

దొరికిపోయాను. నలభై ఒకటి దగ్గర తప్పు చేశాను. పోలీసు శాఖలో ఉండాల్సిన బుర్ర నీది, రొయ్యల మధ్య మగ్గిపోతోంది.

ఇంక ఇలాంటివి చేయను. నీ చెల్లెలు రెండు రోజులు నాకు అన్నం పెట్టలేదు, అందుకనైనా నమ్ము. నీకు చేసిన పాపానికి పెంచలకోన వెళ్ళి తలనీలాలు ఇచ్చి వద్దామనుకుంటున్నాను. నువ్వు ఆమె కోసం చేయించుకుంటే నేను నీ కోసం చేయించుకుంటాను. చెల్లుకు చెల్లు. ఈ ఇరవయ్యో తేదీ అంగడి మూసి వెళుతున్నాను. నువ్వు ఆ రోజు ఎక్కడికీ కదలవు కదా? ఊరికే అడిగాను.

ఆ పడవ పాట మొదటి రెండు లైన్లు ఏమిటో ఒకసారి రాసి పంపు. లారీ డ్రైవరొకడు అడిగాడు.

బుద్ధి వచ్చిన,
పెంచలయ్య


కొత్తకుప్పం,
24 నవంబరు 2024

బావకు,

చాలా రోజుల తరవాత ఈ మాట రాస్తున్నాను. గుండుతో ఇంటికి వచ్చావని, అడిగితే "మీ అన్న కోసం" అన్నావని చెల్లెలు చెప్పి పంపింది. నా మనసు కరిగింది. ఆ కోపం ఆరోజే పోయింది.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. పదకొండో తేదీ పొద్దున కామాక్షయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, మాలినమ్మ పోయిందంట. టీవీలో చెబుతావుండారు" అన్నాడు. నేను పడవ నీళ్ళలోకి తోస్తున్నాను. "యా పెంచలయ్య చెప్పినాడు నీకు?" అన్నాను. "కాదన్నా, అన్ని టీవీల్లో వస్తావుండాది, నువ్వొచ్చి చూడు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను. ఒకసారి మోసపోయినవాణ్ణి రెండోసారి పోతానా? ఊళ్ళోవాళ్ళు ఈసారి నేను చెప్పకుండానే పడవలు ఒడ్డుకు లాగారు. నేనొక్కణ్ణే వల తీసుకుని సరస్సులోకి పోయాను. ఒడ్డున వాళ్ళంతా నిలబడి నన్నే చూస్తుంటే, వీళ్ళంతా పెంచలయ్యతో కలిశారని నాలో నేను నవ్వుకున్నాను. పడవ పాట కూడా పాడాను. గట్టిగా.

మూడోరోజు పేపరు చూసి నమ్మాను. ఆమెను అప్పటికే కాల్చేశారు. మద్రాసులో ఆమె ఇంటి ముందు వేలమంది క్యూ కట్టి కూర్చుని ఆమె పాటలు పాడారట. ముసలాళ్ళు, నడవలేనివాళ్ళు కూడా వచ్చారట. నేను ఆరోజు మంచి రొయ్యలు పట్టాను బావా.

పదకొండో రోజు కామాక్షయ్యా నేనూ ఇద్దరమే వెళ్ళి పిండం పెట్టాము. కాకి ముట్టలేదు. ఇప్పుడు మనిషి పోయింది కదా, ఎందుకు ముట్టదు? ఏదో కోరిక ఉండిపోయింది ఆమెకు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ అక్టోబరు ఉత్తరం కళ్ళ ముందే ఉంటోంది. "నాకు నిజంగానే ఒక కోరిక ఉంది, అతనికే చెబుతాను."

అది రాయించింది నువ్వే కదా? దొరికిపోయానని నువ్వే రాశావు, నాకు గుర్తుంది. అయినా నీది ఆట మాట కాదని ఒక్కసారి నమ్మకంగా చెప్పు. ఒట్టు వేసి రాయి. అది నీ పనే అయితే నేను అన్నం తింటాను. కాకపోతే ఆమె పిలిస్తే పోనివాణ్ణి అవుతాను.

నీ జవాబు కోసం పోస్టాఫీసు దగ్గరే కూర్చుంటున్నాను.

చిన్నపోలయ్య


ముత్తుకూరు,
28 నవంబరు 2024

బావా,

అది రాయించింది నేనే. మీసేవ అమ్మాయి చేత. మాలినమ్మకు నువ్వెవరో తెలియదు, ఆమె ఎవర్నీ పిలవలేదు. నీ చెల్లెలి మెడలో తాళి మీద ఒట్టు.

అన్నం తిను.

పెంచలయ్య


కొత్తకుప్పం,
19 డిసెంబరు 2024

పెంచలయ్యకు,

నీ ఒట్టు చూసుకుని ఇరవై రోజులు అన్నం తిన్నాను.

నిన్న మద్రాసు నుంచి కవరు వచ్చింది. లోపల ఒక ఫొటో. మంచం మీద మాలినమ్మ, ముక్కుకు గొట్టం. ఆమె చెయ్యి పట్టుకుని నువ్వు. గుండుతో. గుండు నీకు బాగా నప్పింది. పెంచలకోన మద్రాసులో ఉందని నాకు తెలియదు.

దాంతోపాటు ఒక ఉత్తరం ఉంది. నీలాగా మాటలు మార్చకుండా రాస్తున్నాను. "చిన్నపోలయ్యగారూ, మీరు వచ్చివెళ్ళిన రోజు తీసిన ఫొటో పంపుతున్నాను. అమ్మ ఆఖరిసారి నవ్విన రోజు అది. పాటలో ఊపిరి తెగడం గురించి మీరు అడిగినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ ఏం చెప్పిందో వినపడలేదు. మీరిద్దరూ నవ్వుకోవడం మాత్రం వినిపించింది. ఆ జవాబు మీ ఒక్కరికే తెలుసు. వీలైతే నాకూ రాయండి. సుభాషిణి."

చేతిరాత అదే. అక్టోబరులో వచ్చినదే.

చిన్నపోలయ్య


ముత్తుకూరు,
26 డిసెంబరు 2024

బావా,

ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడూ జోకులతో మొదలయ్యాయి, చింపేశాను.

నువ్వు వెనక్కి పంపిన ఆ ఉత్తరం చూడగానే అది నేను రాయించింది కాదని నాకు తెలుసు కదా! వెంటనే నీకు చెప్పాలి. చెబుదామనే కాగితం తీశాను. దొరికిపోయానని రాశాను. ఎందుకు రాశానంటే ఏం చెప్పను? నువ్వు అంత తెలివిగా తప్పులో కాలేశావు, దాన్ని ఇంకొంచెం లాగి చూద్దామనిపించింది. ముందు నేను వెళ్ళి చూసి, ఇరవై ఒకటో తేదీ నిన్ను వెంటబెట్టుకుపోయి, "చూడు బావా, నిజమే" అని నీ మొహం చూడాలనుకున్నాను. ఎప్పుడూ నీ మొహం కోసమే చేస్తాను ఇవన్నీ.

పొద్దున సెంట్రల్‌లో దిగి గుండు గీయించుకుని వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ "చిన్నపోలయ్యగారా?" అన్నది. నా తల దానంతటదే ఊగింది. గారు అని నన్నెవరు పిలిచారు బావా ఇన్నేళ్ళలో? లారీవాళ్ళు ఒరే పంచరూ అంటారు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది, కుర్చీ తుడిచి వేసింది.

మాలినమ్మ చిన్నపిల్లంత అయిపోయి ఉంది. నన్ను చూసి, "ఇంకా గుండు అట్లాగే ఉంచావా నాయనా?" అన్నది.

"మీరు వెయ్యేళ్ళు బతకాలని ఇంకోసారి గీయించుకున్నానమ్మా" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు నేను సంపాదించిందే అనుకున్నాను.

"నా కోరిక ఏమిటని రెండు గంటలు అడిగావు. నన్ను కన్నవాళ్ళు కూడా అడగలేదు ఆ మాట. చెబుతాను విను. వల లాగేటప్పుడు నా పాట పాడతానని రాశావు కదా. స్టూడియోలో నేను అట్ట పడవ మీద కూర్చుని పాడాను. నీళ్ళ మీద అది ఎట్లా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. ఒక్కసారి వినాలి. పాడు."

నాకు పాట ఎక్కడొస్తుంది? మొదటి రెండు లైన్లు కూడా నువ్వు రాసి పంపలేదు. లారీ డ్రైవరు ఫోన్‌లో వినిపిస్తే బట్టీ కొట్టుకుని పోయాను. వచ్చినంత పాడాను. రెండో లైనులోనే ఆమె చెయ్యి ఎత్తింది. "చాలు నాయనా. నువ్వు ఉత్తరాల్లోనే బాగా పాడతావు" అన్నది. గోడవైపు తిరిగింది.

కాకి ఎందుకు ముట్టలేదో ఇప్పుడు నీకు తెలిసింది. చెప్పకుండా దాచగలను. దాచలేదు.

అప్పటికైనా నీకోసం ఒక్కటి చేద్దామని ఆ ఊపిరి సంగతి అడిగాను. ఏడుపా, నవ్వా అని. ఆమె మళ్ళీ ఇటు తిరిగి, దగ్గరికి రమ్మని చెవిలో చెప్పింది. ఇద్దరమూ నవ్వుకున్నాం, నిజమే. బయటికొచ్చి వీధి మలుపులో నేను ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. ఇది నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను. నీ పేరుతో కూర్చుని వచ్చాక, మర్నాడు నిన్ను ఏ మొహంతో అక్కడికి తీసుకుపోను?

ఆమె పోయాక నువ్వు ఒట్టు అడిగావు. నిజం చెబితే నువ్వు ఏమైపోతావోనని వేశాను. నన్ను నేను కాపాడుకోవడానికి కూడా వేశాను. ఎంత నీకోసమో, ఎంత నాకోసమో విడదీసి చెప్పలేను.

ఆమె చెప్పిన జవాబు ఉన్నది ఉన్నట్టు రాసి, చిన్న కవరులో పెట్టి, జిగురుతో అతికించి దీంతోపాటే పంపుతున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. విప్పి చదువు బావా. ఆ తరవాత నన్ను చెప్పు తీసుకుని కొట్టు. నేనే వచ్చి నిలబడతాను.

పెంచలయ్య


కొత్తకుప్పం,
10 జనవరి 2025

చెల్లెలు ధనలక్ష్మికి అన్న ఆశీర్వదించి రాసే కబురు,

నీకు చదువు రాదు. ఎవరు చదివి వినిపిస్తున్నారో వాళ్ళను ఒక్క మాట మార్చకుండా చదవమని చెప్పు.

అమ్మా, పెంచలయ్య పోయాడు. కబురు నాకు డిసెంబరు ముప్పయ్యో తేదీ అందింది. నీ తాళి మీద ఒట్టు వేసి అబద్ధం రాసిన కాగితం, కింద సంతకంతో సహా, నా దగ్గర ఉంది. కావాలంటే నీకు చూపిస్తాను. నువ్వు బొట్టు తీయొద్దు, గాజులు తీయొద్దు. పోయింది నాకు. నీకు కాదు.

ఆ రోజు కుప్పంలో ఎవరినీ పడవలు ఆపమనలేదు. నేనొక్కణ్ణే ఆపాను. కామాక్షయ్య మళ్ళీ కత్తి తీశాడు. "ఎవురికన్నా ఈసారి?" అన్నాడు. చెప్పాను. "ఆయన బతికుండాడు కదన్నా" అన్నాడు. "బతికున్నోళ్ళకు చేసేది నాకు అలవాటే, గీయి" అన్నాను. ఏడుస్తూ గీశాడు. చిన్నప్పుడు ముగ్గురమూ ఒకే పడవలో తిరిగినవాళ్ళం కదా.

నిన్న పదకొండో రోజు. ఒడ్డున రెండు ఆకులు వేశాను. ఒకటి మాలినమ్మకు, ఒకటి నీ మొగుడికి. పోయినవాళ్ళ వస్తువు ఒకటి నీళ్ళలో వదలాలి కదా. పెంచలయ్యది నా దగ్గర ఏమీ లేదు, అతికించిన చిన్న కవరు ఒక్కటి తప్ప. విప్పలేదు. రాయి కట్టి సరస్సులో వదిలాను. చచ్చినవాళ్ళ చేత చెప్పించుకునే మాట నాకెందుకు? అమ్మ ఏడుపనేది, నేను నవ్వనేవాణ్ణి. అట్లాగే ఉండనీ.

తరవాత మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఉత్త వల లాగుతూ పడవ పాట మొత్తం పాడాను. మూడు చరణాలూ. మాలినమ్మ వినాలన్నది అదేనట. వచ్చి చూస్తే ఆమె ఆకు అట్లాగే ఉంది. నీళ్ళు చల్లి, దండం పెట్టి, చాలాసేపు నిలబడ్డాను. అట్లాగే ఉంది.

పెంచలయ్య పిండం మాత్రం నేను చెయ్యి తీసేలోపే కాకి వచ్చి ముట్టింది. పిలవనే లేదు. మెతుకు మిగల్చకుండా తిన్నది. అతనికి ఏ కోరికా ఉండిపోలేదు.

నువ్వు ఎప్పుడైనా రా. ఒక్కదానివే రా.

ఇది నీకు చదివి పెడుతున్న ఆయనకు నా నమస్కారం చెప్పు. ఎవరో ఏమో, నేనెరగను.

మీ అన్న,
చిన్నపోలయ్య